పాతది తీయవద్దు

ఇంటి నుంచి,
జూన్ 4, బుధవారం

బుల్లీ,

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెడదామని కూర్చున్నాను. ఆ ఒక్క మాట దగ్గరే పావుగంట ఆగిపోయాను. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. ఎందుకంటే ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటావు. నా ఫోన్ హాస్పిటల్ వాళ్ళ దగ్గర ఉంది, విచారణ అయ్యేదాకా ఇవ్వరట. మీ అన్నయ్య ఫోన్లో మాట్లాడదామంటే ఆయన పక్కనే ఉంటాడు. ఆయన సంగతి నీకు తెలుసు. రోజంతా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని ఓపిక పట్టే మనిషే, ఇంట్లోవాళ్ళని ఎవరైనా ఒక మాట అంటే మాత్రం చొక్కా గుండీలు పెట్టుకోకుండా బయలుదేరతాడు. అందుకని వారం రోజులు సెలవు పెట్టానని చెప్పాను.

సెలవు కాదు. నన్ను డ్యూటీలోంచి తీసేశారు.

సోమవారం పొద్దున పిల్లల వార్డులోకి నాలుగేళ్ళ పాపను తెచ్చారు. ఫిట్స్ ఆగడం లేదు. డాక్టరుగారు మందు పేరు చెప్పి, పాప బరువు చూసి వేయమన్నారు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. వార్డు కంప్యూటర్‌లో మోతాదు లెక్క కట్టే ప్రోగ్రాం తెరిచాను. మీ పాత కంపెనీవాళ్ళదే, నువ్వు ఎరిగిందే. పదహారు కిలోలు కొట్టాను. మూడు పాయింట్ రెండు మిల్లీలీటర్లు అని చూపించింది. నా పక్కనున్న నర్సు కూడా అదే స్క్రీన్ చూసి సరేనంది. వేశాను.

రెండు నిమిషాలకు ఫిట్స్ ఆగాయి. ఇంకో రెండు నిమిషాలకు ఊపిరి ఆగింది.

ఆ తరవాత ఎవరేం చేశారో నాకు వరుసగా గుర్తులేదు. పాపకు గొట్టం వేసి మెషీన్ మీద పెట్టారు. డాక్టరుగారు నా కుర్చీలో కూర్చుని అదే కంప్యూటర్‌లో, అదే ప్రోగ్రాంలో, అదే పదహారు కొట్టారు. ఒకటి పాయింట్ ఆరు అని వచ్చింది. సగం. ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ ఒంటి మీద ఉన్నట్టే ఉంది.

"ముప్పై రెండు కొట్టుంటావు" అంది మా హెడ్ నర్సు. నేను కొట్టలేదు బుల్లీ. కొట్టలేదని ఒట్టు పెట్టి చెప్పగలిగాను, నిన్నటిదాకా. ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబడితే, కొట్టానేమో అనిపించింది. మూడు రోజులు నలుగురూ ఒకే మాట అంటుంటే మన వేళ్ళ మీద మనకే నమ్మకం పోతుంది.

పాప ఇంకా మెషీన్ మీదే ఉంది.

నువ్వు ఆ కంపెనీలో నాలుగేళ్ళు పనిచేశావు. ఒక్క సంగతి చెప్పు. ఒకే కంప్యూటర్, ఒకే ప్రోగ్రాం, ఒకే బరువుకు రెండు జవాబులు చెప్పగలదా? చెప్పలేదంటే అదే రాసెయ్. తెలుసుకోవాలి.

మీ వదిన


నా గది నుంచి,
జూన్ 9, సోమవారం

వదినా,

ఉత్తరం ఇవాళే అందింది. ముందు నీ ప్రశ్నకు జవాబు: చెప్పగలదు. నువ్వు ముప్పై రెండు కొట్టలేదు.

నువ్వు తెరిచిన ప్రోగ్రాం, డాక్టరుగారు తెరిచిన ప్రోగ్రాం ఒకటి కాకపోవచ్చు. ఈ మధ్య మీ వార్డులో దానికి అప్‌డేట్ వేసి ఉంటారు. అప్‌డేట్ అంటే పాత సామాను బయట పెట్టి కొత్త సామాను లోపల సర్దడం అనుకుంటాం. ఒక్కోసారి పాతది బయటికి పోదు. కొత్తది పక్క గదిలో దిగుతుంది, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఒకే పేరు, ఒకే ఐకాన్. డెస్క్‌టాప్ మీదున్న ఐకాన్ కొత్తదాన్ని తెరుస్తుంది. స్క్రీన్ అడుగున పట్టీలో మీరు ఎప్పుడో అంటించుకున్న ఐకాన్‌కు ఆ సంగతి తెలియదు, అది పాతదాన్నే తెరుస్తూ ఉంటుంది. నువ్వు అడుగున ఉన్నది నొక్కి ఉంటావు.

అలాగైతే ఇన్నాళ్ళూ తేడా ఎందుకు రాలేదంటావా? ఆ మందు సీసాలు ఈ మధ్య మారాయేమో కనుక్కో. కొత్త సీసాలో మందు రెండింతలు చిక్కగా ఉంటే ఆ మార్పు ఫార్మసీవాళ్ళు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. కొత్తదానికి అది అందుతుంది. పాతది తన దగ్గరున్న పాత పట్టికే చూసుకుని లెక్క కడుతుంది. అప్పుడు సరిగ్గా రెండింతలు వస్తుంది.

నువ్వు వార్డులోకి వెళ్ళలేవు కాబట్టి నమ్మకమైన వాళ్ళెవరినైనా పంపు. వాళ్ళు చేయాల్సింది ఇంతే. రెండు ఐకాన్ల మీదా మౌస్ కుడి బటన్ నొక్కి, ఏది ఏ ఫోల్డర్‌లో ఉందో కాగితం మీద రాసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాంల జాబితాలో అదే పేరు రెండుసార్లు ఉందేమో, ఏ తేదీలున్నాయో చూడాలి. ఫోటోలు తీయాలి. దేన్నీ తీసెయ్యకూడదు. దేన్నీ. ఇది మాత్రం గట్టిగా చెప్పు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముందు చేయించాల్సింది. ఏ వార్డులోనూ అడుగున ఉన్న ఐకాన్ ముట్టుకోవద్దని, పైదే తెరవమని అందరికీ చెప్పించు.

నేను ఆ కంపెనీలో ఉన్నది వేరే పనిలో. ఇన్‌స్టాల్ చేసే భాగం నాది కాదు. కాబట్టి నా పేరు ఎక్కడా చెప్పకు, లేనిపోని చిక్కు. ఇది కంప్యూటర్ తెలిసిన ఎవరైనా చెప్పే సంగతే.

ధైర్యంగా ఉండు. అన్నయ్యకు ఇప్పుడే ఏమీ చెప్పకు.

బుల్లి


ఇంటి నుంచి,
జూన్ 17, మంగళవారం

బుల్లీ,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నీ ఉత్తరం చదివాక, సగం కాదు, ఇద్దరు మొగుళ్ళ పెట్టు అనుకున్నాను. పదిరోజుల్లో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

మా ఫార్మసీ పెద్దాయనను పట్టుకున్నాను. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, ఎవరికీ భయపడడు. నువ్వు రాసిందంతా ఒక చీటీ మీద ఎక్కించి ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు వార్డులో కూర్చుని చూసొచ్చాడు. నువ్వు చెప్పినట్టే, రెండున్నాయి. నాలుగో వెర్షన్, ఐదో వెర్షన్. ఐదోది మే నెల మొదట్లో వేశారు. సీసాలు మారింది మే ఆఖరున. మధ్యలో మూడు వారాలు రెండూ ఒకే జవాబు చెప్పాయన్నమాట. పిల్లల వార్డులోనే కాదు, హాస్పిటల్ మొత్తంలో పధ్నాలుగు కంప్యూటర్లలోనూ అదే వరస. పెద్దాయన ప్రతి వార్డుకూ తిరిగి అడుగున ఉన్న ఐకాన్ తీసి, మానిటర్ల మీద కాగితాలు అంటించాడు.

ఇంకొకటి దొరికింది. నాలుగో వెర్షన్ ఫోల్డర్‌లో చిన్న ఫైల్ ఒకటి ఉందట. తెరిస్తే రెండే వాక్యాలు. మాటలు పోకుండా రాసుకొచ్చాడు: "పాతది తీయవద్దు. వచ్చే అప్‌డేట్‌లో చూద్దాం."

నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఇది పొరపాటున జరిగింది కాదు బుల్లీ. రాసినవాడెవడో గాని వాడికి తెలుసు. తెలిసే వదిలేశాడు. వాడు ఈ పాటికి ఎక్కడో చల్లగా కూర్చుని పనిచేసుకుంటూ ఉంటాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఇది నా నెత్తిన పడింది.

పాపను మెషీన్ మీద నుంచి తీశారు. ఊపిరి తనే పీలుస్తోంది. కళ్ళు తెరుస్తోంది గాని ఎవరినీ గుర్తుపట్టడం లేదట. మాట లేదు. వాళ్ళమ్మ ఐసీయూ బయట బల్ల మీదే ఉంటోంది. మొన్న పెద్దాయనను కలవడానికి వెనక గేటు నుంచి వెళ్ళినప్పుడు దూరం నుంచి చూశాను. పాప చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుపడే ధైర్యం లేక గోడ పక్కనుంచి దొంగలా వచ్చేశాను.

నీకు ఒకటి చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేదు, విచారణలోనూ చెప్పలేదు. రెండు ఐకాన్లున్నాయని నాకు ముందే తెలుసు. పాప రావడానికి పదిరోజుల ముందు నా పక్కనుండే నర్సు చూపించింది. "ఇదేంటక్కా, రెండున్నాయి" అంది. "ఏదో ఒకటి నొక్కు, పని కావాలి కదా" అన్నాను. అంతకుముందొకసారి ఏదో అడగడానికి కంప్యూటర్ సెక్షన్‌కు ఫోన్ చేస్తే, మీకు మౌస్ పట్టుకోవడం వచ్చా అని నవ్వారు. మళ్ళీ నవ్వించుకోవడం దేనికని ఊరుకున్నాను.

విచారణ జులై మూడున. పెద్దాయన ఫోటోలు చూసి కంప్యూటర్ సెక్షన్ పెద్దకు చెమటలు పట్టాయట. వచ్చే సోమవారం, ఇరవై మూడున, పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి అన్ని కంప్యూటర్లలోంచి నాలుగో వెర్షన్ తీసేస్తామని నోటీసు అంటించాడు. పీడ విరగడైందని హెడ్ నర్సు సంతోషపడుతోంది. నాకేమో సాక్ష్యం పోతుందని దిగులు. ఫోటోలు చాలుతాయా? నువ్వు దేన్నీ తీయొద్దన్నావు కదా, అది ఇందుకేనా?

మీ వదిన


నా గది నుంచి,
జూన్ 21, శనివారం

వదినా,

ఇందుకు కాదు.

నీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. ఇప్పుడు పన్నెండున్నర. ఈ గంటన్నరలో మీ హాస్పిటల్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి కంప్యూటర్ సెక్షన్‌లో ఎవరో తీసి "మీరెవరు?" అన్నారు. పెట్టేశాను. రెండోసారి కూడా అదే అడిగారు, మళ్ళీ పెట్టేశాను. ఉత్తరం రాస్తే అయినా నోరు పెగులుతుందేమోనని రాస్తున్నాను. ఇది పోస్టులో వేసి, అక్కడినుంచే అన్నయ్యకు ఫోన్ చేస్తాను. ఇది నీకు అందేసరికి సోమవారం దాటిపోతుందని తెలుసు. అయినా రాయాలి. ఫోన్లో ఇంత చెప్పలేను.

ఆ రెండు వాక్యాలు రాసింది వాడు కాదు, నేను.

ఇన్‌స్టాల్ చేసే భాగం నాదే. మూడేళ్ళ కిందట నేనే రాశాను, ఇప్పటికీ అదే వాడుతున్నారు. మొదట పాతదాన్ని తీసేసేటట్టే రాశాను. పరీక్షిస్తే ఒక తిరకాసు బయటపడింది. పాతదాన్ని తీసేసే ప్రోగ్రాం తన సామాను మాత్రమే తీయదు. కంపెనీ పేరుతో ఉన్న పెద్ద ఫోల్డర్ మొత్తం ఊడ్చిపారేస్తుంది. ఫార్మసీవాళ్ళు ఎక్కించిన మందుల పట్టిక ఉండేది అందులోనే. అది పోయిందని కొత్త వెర్షన్ గోలపెట్టదు. పుట్టినప్పుడు తనతో వచ్చిన పాత పట్టికను తీసుకుని, ఏమీ ఎరగనట్టు లెక్క కడుతుంది.

అర్థమైందా వదినా? సోమవారం పాతదాన్ని తీసేస్తే పీడ విరగడవదు. మంచిదని అందరూ నమ్ముతున్న ఆ ఐదో వెర్షన్, పధ్నాలుగు వార్డుల్లోనూ రెండింతలు చెప్పడం మొదలుపెడుతుంది. నొక్కకూడని ఐకాన్ అంటూ ఏదీ ఉండదు. మానిటర్ మీద కాగితం అంటించడానికి ఏమీ ఉండదు.

ఆ రోజు మా టీమ్ పెద్దకు చెప్పాను. శుక్రవారం విడుదల చేయాలి, సరిచేయడానికి పదిరోజులు పడుతుందన్నాను. "అయితే తీయకు, ఉండనీ, తరవాత చూద్దాం" అన్నాడు. తీసే భాగాన్ని ఆపేసి, ఆ ఫైల్ పెట్టాను. తరవాత చూడలేదు. వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు అప్పగించిన కాగితాల్లో కూడా దీని గురించి రాయలేదు. మరిచిపోయానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో మూడు పాయింట్ రెండు, ఒకటి పాయింట్ ఆరు చూడగానే గుర్తొచ్చింది. అంటే మరిచిపోలేదన్నమాట.

వేరే పనిలో ఉన్నానని నీకు రాసింది అబద్ధం. రాస్తున్నప్పుడే అబద్ధమని తెలుసు. నువ్వు కడుపు నిండా తిన్నానని రాసింది చదివి తల ఎత్తుకోలేకపోయాను.

అన్నయ్య ఫోన్ తీయకపోతే ఏం చేయాలో తెలియదు. తీస్తే ఏం చెప్పాలో కూడా తెలియదు. పోస్టు పెట్టె మూల మీదే ఉంది. వెళ్తున్నాను.

బుల్లి


ఇంటి నుంచి,
జూన్ 26, గురువారం

బుల్లీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది.

ఫోన్లో నువ్వు విన్నది కొంతే. మిగిలింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

శనివారం మీ అన్నయ్య పాఠం మధ్యలో కారు పక్కకు ఆపించి నీ ఫోన్ తీశాడట. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "మూడు వారాలుగా సెలవంటే నమ్మాను, నాకంటే వెర్రివాడుంటాడా?" అన్నాడు. అంతే. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. నేను చెప్పినంతసేపూ కారు తాళాలు చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. ఆదివారం కంప్యూటర్ సెక్షన్ మూసి ఉంటుంది. వాళ్ళ పెద్ద నంబరు కోసం రోజంతా తిరిగాం, దొరకలేదు.

సోమవారం ఎనిమిదిన్నరకే వెళ్ళాం. అప్పటికే మొదలుపెట్టేశారు. తొందరపడి ఏడున్నరకే వచ్చారట. మూడు కంప్యూటర్లు అయిపోయాయి, నాలుగోది పిల్లల వార్డులోది. లోపలికి నన్ను రానివ్వలేదు. మీ అన్నయ్య వెళ్ళి ఆ కంప్యూటర్‌కు, కుర్చీకి మధ్య నిలబడ్డాడు. సెక్షన్ పెద్ద పక్కకు జరగమన్నాడు. "ముందు ఈ అమ్మాయితో మాట్లాడండి, తరవాత నన్ను గెంటించండి" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. అద్దం తలుపు బయటినుంచి నేను చూస్తున్నాను. "మీరెవరు?" అన్నాడాయన. మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు నీ గొంతు వినిపించింది. "దాన్ని రాసింది నేనే."

తరవాత నువ్వు చెప్పినట్టు పెద్దాయన, అప్పటికి తీసేసిన మూడింటిలో ఒకదాని ముందు కూర్చుని పదహారు కొట్టాడు. మూడు పాయింట్ రెండు. అప్పుడు మిగతా రెండు వార్డులకూ పరిగెత్తారు.

నువ్వు విననిది ఇదే. ఆ మూడింటిలో ఒకటి ఆడవాళ్ళ వార్డులోది. పెద్దాయన వెళ్ళేసరికి ఒక ముసలామెకు అదే మందు సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టి ఉంది. నర్సు దూది తడుపుతోంది. ఆ పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ మెట్లెక్కడు. ఆ రోజు రెండంతస్తులు ఎక్కి, మాట రాక, ట్రే తీసుకుని గుండెకు పట్టుకుని నేల మీద కూర్చున్నాడట.

ఆ రోజంతా హాస్పిటల్లో లెక్కలన్నీ కాగితం మీదే కట్టారు.

ఇక నీ ఉత్తరం. తప్పు సంగతి ఫోన్లోనే విన్నాను. కష్టంగా ఉన్నా మింగాను. నేను కూడా ఏదో ఒకటి నొక్కమన్నదాన్నే, నిన్ను వేలెత్తి చూపే చెయ్యి కాదు నాది. కానీ నీ తొమ్మిదో తేదీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఆ రోజే నీకు తెలుసు. మీ అన్నయ్యకు ఒక్క ఫోన్ చేస్తే నాలుగు నిమిషాలు పట్టేది. ఉత్తరం రాసి, అది నాకు చేరే నాలుగు రోజులు నీకు మిగుల్చుకున్నావు. ఆ నాలుగు రోజులూ పధ్నాలుగు వార్డుల్లో ఎవరు ఏ ఐకాన్ నొక్కుతున్నారో నీకు తెలియదు. తెలియకుండానే నాకు ధైర్యం చెప్పావు. నేను ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

విచారణకు నువ్వు రాసివ్వాల్సింది మీ అన్నయ్య చెప్తాడు. ఆయనతోనే మాట్లాడు. నాకు కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

మీ వదిన


నా గది నుంచి,
ఆగస్టు 18, సోమవారం

వదినా,

రాయొద్దన్నావు. యాభై రోజులు ఆగాను. నువ్వు చదవకుండా పక్కన పెట్టినా ఫరవాలేదు.

నిన్ను మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారని అన్నయ్య చెప్పాడు. రెండు ఐకాన్ల సంగతి నీ అంతట నువ్వే విచారణలో చెప్పావని, ముందే తెలియజేయనందుకు హెచ్చరిక కాగితం ఇచ్చారని కూడా చెప్పాడు. చెప్పకపోతే ఆ కాగితం కూడా ఉండేది కాదు కదా. ఆ మాట అన్నయ్యతో అంటే, "అదే మీ ఇద్దరికీ తేడా" అన్నాడు. అని, కాసేపటికి, "తిన్నావా?" అని అడిగాడు.

నేను రాసిచ్చిన నాలుగు పేజీలూ పాత కంపెనీకి చేరాయి. వాళ్ళ వకీలు నాకు కాగితం పంపాడు, లోపలి సంగతులు బయటపెట్టానని. ఇప్పటి ఆఫీసులో విషయం తెలిసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, కానీ నేను రాసిన ప్రతిదాన్నీ ఇప్పుడు ఇద్దరు చూస్తున్నారు. చూడనీ. నేనైతే నలుగురిని పెడతాను.

ఆ ప్రోగ్రాం నలభై ఒక్క హాస్పిటళ్ళలో ఉంది. అన్నిటికీ కంపెనీ హెచ్చరిక పంపింది. ఎవరికి వాళ్ళే తీయకుండా, పట్టికను ముందు వేరేచోట దాచి, అప్పుడు పాతదాన్ని తీసే పద్ధతి రాసి పంపారు. ఆ పద్ధతి నన్నే అడిగి రాశారు. ఇరవై తొమ్మిది చోట్ల రెండు వెర్షన్లూ ఉన్నాయని తేలింది. అందులో ఒక హాస్పిటల్ వాళ్ళు రెండు వరుసల జవాబు పంపారు. పోయిన నెలలో వాళ్ళ దగ్గర ఒక మనిషి ఫిట్స్ మందు ఇచ్చాక లేవలేదట. అప్పట్లో జబ్బు ముదిరిందని రాసుకున్నారు. కంప్యూటర్ అప్పటికే మార్చేశారు, ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. మనిషి ఆడో మగో, వయసెంతో కూడా రాయలేదు.

నా వల్లా, కాదా? ఇది ఎప్పటికీ తెలియదు వదినా. వకీలంటే భయం లేదు, ఉద్యోగం పోతుందని భయం లేదు. ఆ రెండు వరుసలంటేనే భయం. బస్సులో ఎవరైనా నా పక్క ఖాళీ సీటులో కూర్చుంటే, ఆ మనిషి తాలూకు వాళ్ళేమో అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. రోజూ వస్తుంది.

పాప ఎలా ఉంది? అన్నయ్యను అడిగితే "మీ వదినను అడుగు" అంటాడు. అందుకే అడుగుతున్నాను.

బుల్లి


పిల్లల వార్డు నుంచి,
సెప్టెంబరు 5, శుక్రవారం

బుల్లీ,

మధ్యాహ్నం వార్డు నెమ్మదించింది. నర్సుల గదిలో కూర్చుని రాస్తున్నాను.

పాప నడుస్తోంది. గోడ పట్టుకుని మొదలుపెట్టి, ఇప్పుడు పట్టుకోకుండా. ఎడమ చెయ్యి ఇంకా కొంచెం బరువుగానే ఉంది. మాటలు తిరిగొస్తున్నాయి గాని వరస తప్పుతున్నాయి. నీళ్ళు కావాలంటే కిటికీ అంటుంది. డాక్టరుగారు సర్దుకుంటుందంటున్నారు. పూర్తిగా సర్దుకుంటుందా అంటే ఆయన కూడా మాట దాటేస్తున్నారు. ఇది నీకు తియ్యగా చెప్పదలుచుకోలేదు.

పని గురించి అడగలేదు, అయినా చెప్తాను. ప్రతి ఇంజెక్షన్‌కూ కంప్యూటర్ చెప్పింది చూసి, కాగితం మీద వేసి, మళ్ళీ సీసా మీద చదువుతున్నాను. పక్కనున్న నర్సుకు విసుగు. "అక్కా, మూడోసారి" అంటుంది. నాకు నాలుగోసారి కూడా చూడాలనే ఉంటుంది. సిరంజి పట్టుకున్నప్పుడల్లా అరచెయ్యి తడిసిపోతుంది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేదు. పోతుందేమోనని మొదట్లో ఎదురుచూశాను. ఇప్పుడు పోకపోయినా ఫరవాలేదనిపిస్తోంది.

నిన్న వాళ్ళమ్మ పాపను చూపించడానికి తీసుకొచ్చింది. తప్పించుకు పోదామని చూశాను, వరండాలో ఎదురుపడింది. నేనెవరో ఆమెకు తెలుసు. విచారణ కాగితం వాళ్ళకూ ఇచ్చారు. అందులో నర్సు అని, ప్రోగ్రాం రాసిన వ్యక్తి అని ఉంది, పేర్లు లేవు.

ఆమె నా ముందు నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది. "అంత పెద్ద కాగితం ఇచ్చారు. నాకు చదవడం సరిగ్గా రాదు. ఎవరి వల్ల జరిగిందో ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కలో చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కంపెనీ అనొచ్చు, కంప్యూటర్ అనొచ్చు, నీ టీమ్ పెద్ద అనొచ్చు. నువ్వు అనొచ్చు. నిజం చెప్పనా, ముందుగా నోటిదాకా వచ్చింది నువ్వే. రెండు నెలలు కోపంతో ఆ మాటే నమిలాను కదా.

"మేం ఇద్దరం ఉన్నాం" అన్నాను. "రెండు ఉన్నాయని చూసి కూడా నోరెత్తనిదాన్ని నేను. రెండోది నా ఆడపడుచు."

ఆమె నా మొహంలోకి చూసింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి, "ఆమె ఎందుకు రాలేదు?" అంది.



ఆమెకు నీ పేరు చెప్పలేదు బుల్లీ. అది నువ్వే వచ్చి చెప్పాలి. వచ్చే గురువారం పదిన్నరకు పాపను మళ్ళీ తీసుకొస్తారు. క్షమిస్తుందని రమ్మనడం లేదు. నేనే నిన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు, ఆమెనెలా అడుగుతాను? భయం వేస్తుంది. నాకూ వేసింది. ఆ వరండా పొడుగ్గా ఉంటుంది, చివరి బల్ల దగ్గర ఆమె కూర్చుంటుంది. బల్ల దాకా నీ పక్కనే నేను నడుస్తాను. ఆ తరవాత మాట్లాడాల్సింది నువ్వు.

బుధవారం సాయంత్రం నువ్వు దిగే బస్సు దగ్గరికి మీ అన్నయ్య వస్తాడు.

మీ వదిన